బోరు: బండలోకి దిగిన ఇంగ్లీషు క్రియ

"ఎన్ని అడుగులకు పడినాయన్నా?"

అనంతపురం సీమలో ముదిగుబ్బ చుట్టుపక్కల పల్లెల్లో ఎవరైనా ఇలా అడిగితే, ఏమి పడ్డాయని ఎదురు అడిగేవాళ్లు ఉండరు. పడాల్సినవి నీళ్లు, పడాల్సింది బోరులో. జవాబు అడుగుల్లోనూ ఇంచుల్లోనూ వస్తుంది. "ఆరునూర్లకు ఇంచిన్నర పడినాయి" అన్నారంటే ఆ ఇంటికి ఈ ఏడు కాస్త ఊపిరి తిరిగినట్టు. "తొమ్మిదినూర్లు పోయినాం, ఉత్త దుమ్మే" అన్నారంటే అక్కడితో మాట మార్చాలి.

ఈ మాటలన్నిటికీ మూలం ఒక ఇంగ్లీషు క్రియ. ఇంగ్లీషు వాళ్లకు 'బోర్' అంటే తొలచడం, రంధ్రం చేయడం. మన దగ్గరికి వచ్చేసరికి అది పనిని చెప్పే మాటగా కాక వస్తువు పేరుగా స్థిరపడింది. తెలుగు ఇంగ్లీషు క్రియలను చాలాసార్లు అలాగే తీసుకుంటుంది. పరాయి క్రియను నామవాచకం చేసి, చివర ఒక ఉకారం తగిలించి, పని మాత్రం మన క్రియలతో చేయిస్తుంది. బోరు వేస్తాం, వేయిస్తాం. బోరులో నీళ్లు పడతాయి. బోరు పోస్తుంది, ఎండుతుంది, ఫెయిలవుతుంది. బోరు కింద రెండెకరాల మడి ఉంటుంది. బోరు మీద అప్పు ఉంటుంది. ఊరి మధ్య చేతిపంపును 'బోరింగు' అంటాం. ఇంగ్లీషులో పనిని సూచించే ఆ రూపం తెలుగు పల్లెలో బిందె పెట్టుకునే చోటు పేరైంది.

సినిమా నచ్చకపోతే 'బోరు కొట్టింది' అంటాం. అదీ ఇంగ్లీషు నుంచి వచ్చిందే. ఇక బోరుమని ఏడవడంలోని బోరు అచ్చంగా మనది, ధ్వనిని అనుకరిస్తూ పుట్టింది. బోర్లు ఎండిన ఏడాది పత్రికలు నీళ్ల బోరునూ ఏడుపు బోరునూ కలిపి శీర్షికలు పెడుతుంటాయి. చదివేవాళ్లకు అది చమత్కారంగా అనిపించవచ్చు. బోరు ఎండిన ఇంట్లో ఆ రెండూ ఒకే రోజు వినిపిస్తాయి.

ఈ క్రియ వయసు వెయ్యేళ్లు పైనే. ప్రాచీన ఇంగ్లీషులో దాని రూపం 'బోరియన్'. జర్మన్ 'బోరెన్' దీని దాయాది. లాటిన్‌లో తొలచడాన్ని 'ఫొరారె' అన్నారు. లాటిన్ ఫకారానికి ఇంగ్లీషులో బకారం రావడం భాషాచరిత్రలో నియమబద్ధంగా జరిగిన మార్పు. సంస్కృతంలో భ్రాత, లాటిన్‌లో ఫ్రాటెర్, ఇంగ్లీషులో బ్రదర్ అని పక్కపక్కన పెట్టుకుంటే ఆ వరస తెలుస్తుంది. లాటిన్ వైపు నుంచి వచ్చిన 'పర్ఫొరేట్' అనే మాట కూడా ఇంగ్లీషులో ఉంది. వైద్య విద్యార్థులు ఎముకల్లోని రంధ్రాలను 'ఫొరామెన్' అంటారు. అదీ ఈ ఇంటిదే. 'బేర్' అనే క్రియకు భూతకాలంగా కనిపించే 'బోర్' మాత్రం వేరే ధాతువు నుంచి వచ్చింది. దానికీ తొలచడానికీ సంబంధం లేదు.

విసుగు అన్న అర్థం వయసులో చాలా చిన్నది. 1760ల్లో ఇంగ్లండు ప్రభువర్గం రాసుకున్న ఉత్తరాల్లో అది మొదట కనిపిస్తుంది. తొలచడం నుంచే విసిగించడం వచ్చిందా, లేక వేరే దారిన వచ్చిందా అన్నది నిఘంటుకారులు నేటికీ తేల్చలేదు. 'బోర్‌డమ్' అనే నామవాచకం పందొమ్మిదో శతాబ్దంలో గానీ పుట్టలేదు. పొద్దుపోని మనుషుల నుంచి పుట్టిన ఆ అర్థాన్ని ఇక్కడితో వదిలేస్తాను. ముదిగుబ్బకు ముఖ్యం మొదటి అర్థమే.

మొదట్లో తొలచడమంటే చెక్కకు బెజ్జం వేయడమే. మన వడ్రంగి చేతిలోని బరమా అప్పటినుంచీ చేస్తున్న పని అదే. ఇనుమును సరిగ్గా తొలచడం చేతనయ్యాక లోకమే మారింది. 1774లో జాన్ విల్కిన్సన్ అనే ఇంగ్లీషు ఇనుప పనివాడు ఫిరంగి గొట్టాలను గట్టి ఇనుప దిమ్మెలోంచి తొలిచే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఆ అనుభవంతోనే మరుసటి ఏడు జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి కావలసిన సిలిండరును తొలిచి ఇచ్చాడు. అంతకుముందు సిలిండర్లు లోపల వంకరటింకరగా ఉండి, ముషలకం (పిస్టను) పక్కల నుంచి ఆవిరి కారిపోయేది. నున్నగా తొలిచిన సిలిండరు వచ్చాకే వాట్ యంత్రం పనికొచ్చింది. ఆ యంత్రాలు మొదట ఎక్కువగా చేసిన పని గనుల్లోంచి నీళ్లు తోడడం. మోటారు పంపు వంశవృక్షంలో ఈ ఫిరంగి తొలిచే యంత్రానికీ చోటుంది.

1798లో ఇంకో విశేషం వెలుగులోకి వచ్చింది. అమెరికాలో పుట్టి బవేరియా కొలువులో చేరిన బెంజమిన్ థాంప్సన్ (కౌంట్ రమ్‌ఫర్డ్ అంటేనే లోకానికి తెలుసు) మ్యూనిక్ ఆయుధశాలలో ఫిరంగులు తొలుస్తుంటే అవి విపరీతంగా వేడెక్కడం గమనించాడు. కావాలనే మొద్దుబారిన బరమా పెట్టించి, గొట్టం చుట్టూ నీళ్లు నింపి, గుర్రాలతో తిప్పించాడు. రెండున్నర గంటల్లో, నిప్పన్నది లేకుండా, నీళ్లు సలసల కాగాయి. వేడి అంటే పదార్థాల్లో నిలవ ఉండే ఒకలాంటి ద్రవమని అప్పటి పండితులు నమ్మేవారు. తొలిచినంతసేపూ వేడి పుడుతూనే ఉంటే ఆ నిలవ ఎక్కడిది? వేడి కదలికలోంచి పుడుతుందన్న ఆలోచనకు గట్టి ఆధారాల్లో ఇది ఒకటైంది. భౌతికశాస్త్రంలో ఇంత పెద్ద మలుపు మొద్దు బరమా దగ్గర మొదలైందన్నది నాకు ఎప్పుడూ అబ్బురమే.

నీళ్ల కోసం నేలను తొలచడం అంతకంటే పాతది. ఫ్రాన్సులోని ఆర్త్వా సీమలో లిలేర్ అనే ఊళ్లో 1126లో వేసిన బావిలోంచి నీళ్లు వాటంతటవే పైకి ఎగదన్నాయి. ఆ సీమ పేరు మీదే అలాంటి వాటిని ఆర్టీసియన్ బావులంటున్నాం. 1833లో ప్యారిస్‌లోని గ్రెనెల్ దగ్గర లూయీ జార్జ్ మ్యులో మొదలుపెట్టిన బోరు ఎనిమిదో ఏట, 1841 ఫిబ్రవరిలో, 548 మీటర్ల లోతున నీళ్లను తాకింది. ఏడేళ్లకు పైగా ఒకే రంధ్రం మీద నిలబడిన మనిషి ఓపికకు దండం పెట్టాలి.

చైనా వాళ్లు అప్పటికే ఫ్రెంచివాళ్లను దాటిపోయారు. సిచువాన్‌లోని జిగాంగ్‌లో ఉప్పునీటి కోసం వేసిన షెన్‌హాయ్ బావి 1835లో 1001 మీటర్లు దిగింది. అక్కడ యంత్రం లేదు. వెదురు తాడుకు బరువైన ఇనుప ములుకు కట్టి, మనుషులు పలకను తొక్కుతుంటే అది లేచి పడేది, రాయి కొంచెం కొంచెంగా పొడయ్యేది. పొడిని వెదురు గొట్టంతో తోడేసేవాళ్లు. ఇందులో గమనించాల్సిన సంగతి ఉంది. బోరు అనే క్రియకు మొదటి అర్థం తిప్పుతూ తొలచడం. గట్టి రాతి దగ్గర ఆ పద్ధతి కష్టం, దెబ్బ కొట్టాలి. ముదిగుబ్బ బండ కింద ఇవాళ జరుగుతున్నది జిగాంగ్ పద్ధతే. తొక్కే కాళ్ల బదులు గాలి వచ్చింది.

గాలితో రాయి కొట్టడం ఆల్ప్స్ కొండల్లో నేర్చుకున్న విద్య. ఫ్రాన్సు, ఇటలీల మధ్య ఫ్రేజుస్ సొరంగం పని 1857లో చేతి ఉలులతో మొదలైంది. అలాగే సాగితే ఒక తరం పట్టేది. 1861 నుంచి జెర్మాన్ సొమ్మెయే అనే ఇంజనీరు అణచిపెట్టిన గాలితో నడిచే తొలుపు యంత్రాలను లోపలికి దింపాడు. పని ఉరకలెత్తింది. యంత్రం వదిలిన గాలే కూలీల ఊపిరికీ ఆధారమైంది. 1870 డిసెంబరులో రెండు వైపుల వాళ్లూ కొండ నడుమ కలుసుకున్నారు. 1920ల్లో జర్మనీలో టంగ్‌స్టన్ కార్బైడ్‌ను పనిముట్ల మొనలకు పనికొచ్చేలా తయారుచేశారు. క్రుప్ సంస్థ దానికి పెట్టిన 'విడియా' అనే పేరుకు వజ్రంలాంటిదని అర్థం. ఇరవయ్యో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి సుత్తిని నేలపైన కాక రంధ్రం అడుగునే, బిట్టు (రాతిని కొట్టే మొన) నెత్తినే పెట్టే ఏర్పాటు కుదిరింది. పైన ఉండి కొడితే రాడ్లు పెరిగేకొద్దీ దెబ్బ బలం చచ్చిపోయేది. సుత్తే బండ దగ్గరికి పోయాక లోతు సమస్య తీరింది.

ఈ యంత్రం మన పల్లెలకు కరువుతో వచ్చింది. 1967లో బిహార్, ఉత్తరప్రదేశ్‌లలో ఘోరమైన కరువు పడ్డప్పుడు, గట్టి రాయిని కొట్టగల గాలి రిగ్గులను యూనిసెఫ్ విమానాల్లో దేశానికి తెప్పించింది. గట్టి బండలో కూడా తాగునీటి బోరు వేయవచ్చని అందరికీ నమ్మకం కుదిరింది. బోర్ల మీద చేతిపంపులు బిగించారు. అవేమో ఇంటి వాడకానికి చేసిన పోత ఇనుప పంపులు. ఊరంతా కొడితే నెలల్లో విరిగేవి. 1970ల నడిమికి వాటిలో ఎక్కువ భాగం మూలపడ్డాయి. మహారాష్ట్రలో జాల్నా, సోలాపూర్ ప్రాంతాల్లో చిన్న కర్మాగారాల వాళ్లు ఉక్కుతో చేసుకున్న పంపుల నుంచి పాఠం తీసుకుని, యూనిసెఫ్, మద్రాసులోని రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ సంస్థ, ప్రభుత్వ ఇంజనీర్లు కలిసి కొత్త నమూనా గీశారు. కోయంబత్తూరు దగ్గర పల్లెల్లో పరీక్షించి 1970ల చివర్లో తయారీకి పెట్టారు. అదే ఇండియా మార్క్-2. లోకంలో ఎక్కువగా వాడుకలో ఉన్న చేతిపంపు అదేనని చెబుతారు. మన బోరింగు అంటే అదే. ఆఫ్రికా పల్లెల్లోనూ ఆడవాళ్లు అదే పిడి పట్టుకుని నీళ్లు కొడుతున్నారు.

సేద్యం సంగతి వేరు. ముదిగుబ్బ అనంతపురం పీఠభూమి మీద, కదిరి నుంచి అనంతపురం పోయే దారిలో ఉంది. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అదైనా కావలసిన నెలలో రాదు. మద్దిలేరు మీద ఈ మండలంలోనే యోగి వేమన జలాశయం ఉంది గానీ ఏట్లో పారే నీరు వాన దయ. ఆధారమంతా చెనిక్కాయ పంట. నేల కింద ఉన్నది గ్రానైటు, నీసు రాళ్లు. పైన కొన్ని పదుల అడుగులు చివికిన రాయి, దాని కింద పగుళ్లున్న బండ, ఇంకా కిందికి పోయేకొద్దీ పగుళ్లు తగ్గిపోయి గట్టి బండ. నీళ్లు నిలిచేది చివికిన పొరలోనూ ఆ పగుళ్లలోనూ. అక్కడక్కడ నల్లరాయి గోడలా నిలువునా దూసుకొచ్చి, ఒక పక్క నీళ్లను రెండో పక్కకు పోనివ్వదు.

పూర్వం ఈ నేలలో వడ్డెరలు గడ్డపారలతో, మందుగుండుతో బావులు తవ్వేవారు. ఎద్దులతో కపిల తోలితే తోలు బాన నిండి పైకి వచ్చేది. నీటిమట్టం కంటికి కనిపించేది గనక తోడే లెక్క కూడా కంటితోనే తేలేది. తర్వాత ఆయిలు ఇంజన్లు, కరెంటు మోటార్లు వచ్చాయి. బావి అడుగున బోర్లు, పక్కలకు అడ్డబోర్లు కొట్టి ఊట పెంచుకున్నారు. రిగ్గులు వచ్చాక బావులే ఎండిపోయాయి. పొలాల్లో వాటి ఖాళీ గుంతలు ఇప్పటికీ ఉన్నాయి.

బోరు వేసే రోజు చూడాలి. తమిళనాడు నామక్కల్ జిల్లాలోని తిరుచెంగోడు బోరు లారీలకు పుట్టిల్లు. అక్కడి బండ్లు దేశమంతా తిరుగుతాయి. రిగ్గు ఒక లారీ, కంప్రెసరు ఇంకో లారీ. పాయింటు ముందే చూపించుకుని ఉంటారు. కొందరు జియాలజిస్టును పిలుస్తారు, ఎక్కువమంది అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి నడిచేవాళ్లనే నమ్ముతారు. అక్కడ టెంకాయ కొట్టి, ఊదుబత్తి వెలిగించి, నిమ్మకాయ పెట్టాక బండి మొదలవుతుంది. మొదట పైపొరలో కేసింగు పైపు దిగుతుంది. తర్వాత ఆరున్నర అంగుళాల బిట్టు. రాడ్డు వెనక రాడ్డు బిగిస్తుంటారు. లోపల గాలి ముషలకాన్ని నిమిషానికి వందల దెబ్బలు కొట్టిస్తుంది, బిట్టు మీది కార్బైడ్ గుండ్లు రాతిని పిండి చేస్తాయి, రాడ్డు నెమ్మదిగా తిరిగి ప్రతి దెబ్బనూ కొత్త చోట పడేస్తుంది. వదిలిన గాలి ఆ పిండిని పక్కసందులోంచి పైకి ఎగజిమ్ముతుంది. రమ్‌ఫర్డ్ చూసిన వేడి ఇక్కడా పుడుతుంది, దాన్ని తీసుకుపోయేది కూడా ఆ గాలే.

ఇంటిల్లిపాదీ దుమ్ములో నిలబడి ఆ పిండినే చూస్తుంటారు. తెల్లగా వస్తోందా, నల్లగా వస్తోందా. రైతు పిడికెడు తీసి వేళ్ల మధ్య నలిపి చూస్తాడు. ఆరిన పిండి రంగు మారి తడి తగిలితే ముఖాలు విప్పారతాయి. బురద చిమ్మితే అరుపులు. లోతు పెరిగేకొద్దీ అడుగు రేటు కూడా పెరుగుతుంది. ఇంకొక రాడ్డు దించమంటారా అని సూపర్‌వైజరు అడుగుతాడు. ఆ క్షణంలో వద్దనడం ఎంత కష్టమో, ఆ దుమ్ములో నిలబడినవాళ్లకే తెలుసు. ఇప్పటిదాకా పెట్టిందంతా పోతుందన్న భయం ఇంకో వంద అడుగులకు తోస్తుంది. బండ లెక్క మాత్రం వేరు. పగుళ్లు పైభాగంలోనే ఎక్కువ. వెయ్యి అడుగులు పోయినంత మాత్రాన నీళ్లు పడతాయన్న హామీ ఈ రాతిలో లేదు.

నీళ్లు పడ్డాక సబ్‌మెర్సిబుల్ మోటారు దింపుతారు. నీళ్లలో మునిగి పనిచేసే ఈ మోటారు పంపుకు రూపమిచ్చినవాడు ఆర్మాయిస్ ఆరుత్యూనాఫ్. రష్యా సామ్రాజ్యంలో పుట్టి, అమెరికాకు వెళ్లి, 1920ల చివర్లో అక్కడి చమురు బావుల్లో దాన్ని నిలబెట్టాడు. చమురు కోసం పుట్టిన యంత్రం చెనిక్కాయ చేలకు చేరింది. 2004 నుంచి రాష్ట్రంలో సేద్యానికి ఉచిత కరెంటు, 2020లో రైతులకు ఉచితంగా బోర్లు వేసే జలకళ పథకం వచ్చాయి. ఉద్దేశాలు మంచివే. అయితే తీసేవాళ్లు పెరిగారు, పగుళ్లలో చేరే వాన పెరగలేదు. పక్క చేనులో ఎనిమిదినూర్ల బోరు పడితే ఈ చేనులో నాలుగునూర్ల బోరు పోయడం మానేస్తుంది. అప్పుడు ఈయన తొమ్మిదినూర్లకు పోవాలి. లోతున నీళ్లు దొరికిన చోట ఫ్లోరైడు బాధ. అప్పటి అనంతపురం జిల్లాలో ఏడువందలకు పైగా పల్లెలకు తాగునీరిచ్చేందుకు 1990ల నడిమిలో సత్యసాయి తాగునీటి పథకం వచ్చింది అందుకే.

నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం బావికీ బోరుకీ అనుమతి ఉండాలంది, రిగ్గులు నమోదు చేసుకోవాలంది, ఊరి తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బోరు వద్దంది. చట్టం కన్నా నాకు ఎక్కువ నచ్చింది అదే దశాబ్దంలో అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల్లో జరిగిన పని. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులే వానను కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచి గోడల మీద రాసుకున్నారు, ఉన్న నీళ్లకు ఏ పంట ఎంత సరిపోతుందో సీజనుకు ముందే కూర్చుని లెక్క వేసుకున్నారు. కపిల బావిలో కంటికి కనిపించిన నీటిమట్టాన్ని ఆ కొలతలు మళ్లీ కంటి ముందుకు తెచ్చాయి. బోరు వేసేవాడికి అన్నిటికంటే ముందు కావలసింది ఆ కొలత. ప్రతి పంచాయతీలోనూ అది నిలిచి ఉండాల్సింది.

ఒక పని మాత్రం ఏ పథకం కోసమూ ఆగాల్సింది కాదు. నీళ్లు పడని బోరులోంచి కేసింగు పైపును పీక్కుని, నోరు తెరిచి వదిలేసిన గుంతలు ఈ పీఠభూమి మీద చాలా ఉన్నాయి. వాటిలో పసిపిల్లలు పడుతున్నారు. 2010లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: బోరు వేసే చోట కంచె ఉండాలి, కేసింగు చుట్టూ సిమెంటు దిమ్మె కట్టాలి, పైన ఉక్కు మూత బిగించాలి, వదిలేసిన బోరును అడుగు నుంచి నేలమట్టం దాకా మట్టితో, ఇసుకతో, రాళ్లతో పూడ్చాలి. మీ పొలంలోనో, మీ బంధువుల పొలంలోనో ఎండిన బోరు ఉంటే ముందు దాని నోరు మూయించండి. బోరు నుంచి వచ్చిన రాతిపిండి అక్కడే కుప్పగా ఉంటుంది, పూడ్చడానికి అది కూడా పనికొస్తుంది.